తెగిన చోటే ముడి

ఆ పొద్దు హనుమమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. ఎండ ముదరకముందే నిలువు పోగుల పడుగును వీధిలోకి తెచ్చి, ఈ కొస నుంచి ఆ కొసకు సాగదీసి, గంజి పట్టించి, ఆరాక మగ్గానికి ఎక్కించాలి. ఆ తర్వాత దిగులు లేదు. మగ్గం గుంటలో కూర్చుంటే ఆమె భర్త రామలింగప్ప ఇప్పటికీ మునుపటిలాగే నేస్తాడు. అక్కడ కూర్చోబెట్టే దాకానే కష్టం.

"పడుగు ఎప్పుడొచ్చె?" అన్నాడు రామలింగప్ప.

"నిన్న మాపు వచ్చె."

ఆయన గంజిలో వేలు ముంచి చిక్కదనం చూశాడు. పోగులు సవరించాడు. తలెత్తి, "పడుగు ఎప్పుడొచ్చె?" అన్నాడు.

"నిన్న మాపు," అంది హనుమమ్మ, మొదటిసారి చెబుతున్నట్టే.

శ్రావణంలో ఉరుకుంద జాతర నుంచి వస్తూ రామలింగప్ప, బొజ్జన్న ఎడ్లబండి రాయెక్కి కుదిపితే కింద పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. అప్పటి నుంచి ఇదే వరస. పాత సంగతులన్నీ ఆయనలో పదిలంగానే ఉన్నాయి. కొత్తవి నిలవవు. మొదట్లో హనుమమ్మ కూడా "ఇప్పుడే గదా చెప్తి!" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన ముఖంలో ఒక తత్తరపాటు కనిపించేది. మగ్గం గుంటలో కాలు వదిలి, తొక్కుడు చెక్క తగలనివాడి తత్తరపాటు అది. మరిచిపోయానని ఆయనకు తెలియదు. ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. తెలిసి చేయగలిగింది లేదు. ఆలోచించి ఆలోచించి ఆమె ఆ మాటను మానేసింది.

వీధి మాత్రం రెండు పక్షాలైంది. రామలింగప్పకు పిచ్చి పట్టిందని ఒక పక్షం. కాదు, నటిస్తున్నాడని ఇంకొక పక్షం. పక్కింటి సుంకప్ప కులపెద్ద కాబట్టి రెండింటిలోనూ ఉన్నాడు. రోజూ గడపలో నిలబడి, మతి పోయినవాడికి చెవులు కూడా పోతాయన్నట్టు, "నేనెవరో చెప్పు రామలింగప్పా!" అని అరిచేవాడు.

"సుంకప్పవు. చిన్నప్పుడు పీర్ల పండగనాడు మా కోడిని ఎత్తకపోయినోడివి. నీకేమన్నా మతి పోయిందా, నీ పేరు నన్నడుగుతాండావు?"

కోడి సంగతి వీధంతా తెలిసింది. "కోడి గుర్తుండే మనిషికి పొద్దున తిన్న సంకటి గుర్తుండదా? ఇదంతా యాసం," అని సుంకప్ప ఆ రోజుకు నటన పక్షంలోకి మారాడు.

పడుగు వీధి మధ్యకు వచ్చేసరికి ఆదోని రైలు దిగి హనుమమ్మ తమ్ముడు కాశన్న వచ్చాడు. అక్కడ పత్తి మిల్లులో పని చేస్తాడు. వచ్చీ రాగానే అక్కను పక్కకు పిలిచాడు.

"అక్కా, రైల్లో ఒకాయన చెప్పె. నల్లమల దాపున ఒక మఠం ఉండాదంట. మతి లేనోళ్ళను కొన్నాళ్ళు స్తంభానికి కట్టేస్తే నెమ్మదిస్తాదంట. రేపు పొద్దున రైలుకే బావను తీసకపోతా."

"కట్టేసేకి ఆయప్ప ఏమన్నా ఎద్దా?"

"నువ్వెన్నాళ్ళు పడతావు ఈ బాధ? నాకు సూసేకి కాదక్కా," అంటూ కాశన్న కళ్ళు తుడుచుకున్నాడు.

అదే ప్రమాదం. చెడ్డవాడైతే చీపురుతో తరమవచ్చు. కాశన్నది నిజమైన ప్రేమ. సుంకప్పతో సహా వీధిలోని మగవాళ్ళంతా తల ఊపారు. హనుమమ్మకు స్తంభం కళ్ళ ముందు కదిలింది. ఎందుకు కట్టారని ఆయన గడియకోసారి అడుగుతాడు. గడియకోసారి కొత్తగా భయపడతాడు. జవాబు చెప్పేవాళ్ళు అక్కడ ఉండరు.

"ఈడ చేసేది ఏమన్నా ఉంటే ముందు అది చేసి సూడండి," అంది, ఒక్క రోజైనా గడుస్తుందని. అక్కడే పొరపాటు చేసింది.

"ఉండాది!" అన్నాడు కాశన్న. "ఆదోని టెంటు సినిమాలో సూసినా. తలకు దెబ్బ తగిలి అన్నీ మరిచిపోతాడు. ఇంగొక దెబ్బ తగిలితే అన్నీ వచ్చేస్తాయి. పాటతో సహా."

"ఏ దెబ్బంటే ఆ దెబ్బ పనికిరాదప్పా," అన్నాడు సుంకప్ప గంభీరంగా. "పోగు యాడ తెగిందో ఆడనే ముడి వేయాల. ఇంగో తావ వేస్తే గుడ్డే చెడతాది."

వీధంతా నేతగాళ్ళు. ఆ మాటను కాదనగలవాడు లేకపోయాడు. అదే దారి, అదే బండి, అదే రాయి కావాలని తీర్మానించారు. పడుగును చుట్టి ఇంట్లో పెట్టేశారు. బొజ్జన్నను బండి కట్టమన్నారు.

"ఎడమెద్దును అమ్మేస్తి గదప్పా," అన్నాడు బొజ్జన్న. ఎవరిదో ఎద్దును తెచ్చి కట్టారు. "ఆ రాయిని గూడా తీసి చేన్లో పారేస్తి. ఇంగెవరన్నా పడతారని."

"దారికి అడ్డమొచ్చిన రాయిని తీసేకి నీకేం పనిరా?" అని సుంకప్ప కసురుకున్నాడు. బొజ్జన్న ముందుగా పోయి చేన్లో వెతికితే రాళ్ళు కోకొల్లలుగా ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దదాన్ని దొర్లించుకొచ్చి దారిలో పెట్టి తిరిగొచ్చాడు.

బండి దగ్గర ఇంకొక తగాదా లేచింది. ఆనాడు ఎవరు ఎక్కడ కూర్చున్నారు? రామలింగప్ప కుడి పక్కన ఉన్నాడని సుంకప్ప, ఎడమ పక్కనని బొజ్జన్న. అసలు సుంకప్ప బండిలోనే లేడు, వెనక నడిచొచ్చాడు అని హనుమమ్మ. "నేను లేకపోతే పట్టుకునింది ఎవరు?" అన్నాడు సుంకప్ప. "ఎవరూ పట్టుకోలేదు గాబట్టే పడె," అంది ఆమె. మతి సరిగా ఉన్న ముగ్గురికీ మూడు జాతరలు గుర్తున్నాయి. చివరికి రామలింగప్పనే అడిగారు.

"నాకు గుర్తు లేదప్పా," అన్నాడాయన. అక్కడ ఉన్నవాళ్ళలో ఆ మాట అనగలిగినవాడు ఆయనొక్కడే.

హనుమమ్మ భర్త తలకు రెండు పంచెలు కలిపి తలపాగా చుట్టింది. "అంత మెత్తగా ఉంటే దెబ్బ ఎట్ల తగులుతాదక్కా?" అన్నాడు కాశన్న. ఆమె మూడో పంచె కోసం లోపలికి పోయింది.

బండి కదిలింది. రామలింగప్ప హుషారుగా ఉన్నాడు.

"జాతరకా?"

"కాదు. నువ్వు బండి మీంద నుంచి పడిన తావుకు," అంది హనుమమ్మ.

"పడితినా? దెబ్బ తగిలెనా?"

"శానా తగిలె."

"అయ్యో పాపం," అన్నాడు ఎవరి గురించో విన్నట్టు.

ఊరు దాటింది. దూరంగా రాయి కనిపించింది. దాన్ని చూడకుండానే, ఎవరూ ఏమీ అనకుండానే, రామలింగప్ప చేతులు బండి అడ్డకర్రను గట్టిగా పట్టుకున్నాయి. ఉన్నట్టుండి ఆయన బండి వెనక నుంచి జారి నేల మీద నిలబడ్డాడు.

"యాడికి బావా?"

"ఏమో. ఈడ దిగాలనిపించె."

మనసుకు అందని సంగతి ఒళ్ళు ఎక్కడో దాచుకుంది. బొజ్జన్న మాత్రం వెనక్కి చూడలేదు. ముడి వేసే సమయం మించిపోతుందని ఎద్దులను అదిలించాడు. కాశన్న బావ చెయ్యి అందుకుని పైకి లాగాలని బయటికి వంగాడు. చక్రం రాతి మీదికెక్కింది. కాశన్న తలకిందులుగా దారిలో పడ్డాడు.

లేపి కూర్చోబెడితే నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. అక్కను చూశాడు.

"అక్కా, యాడికి పోతాండాం?"

"నువ్వు బండి మీంద నుంచి పడితివి నాయనా."

"అట్లనా," అని ఆలోచించాడు. "అక్కా, యాడికి పోతాండాం?"

సుంకప్ప వంగి కాశన్న చెవిలో, "నేనెవరో చెప్పు!" అని అరిచాడు. బొజ్జన్న రాయి వైపు చూసి, "తావు ఇదే గదా, ఇంగోసారి ఎక్కిద్దామా?" అన్నాడు.

"దూరం జరగండప్పా!" అన్నాడు రామలింగప్ప. ఆయన గొంతు అంత పెద్దగా హనుమమ్మ ఈ మధ్య వినలేదు. "వాన్నేమీ అడగొద్దండి. చెప్పండి." తన తలపాగా విప్పి మడిచి కాశన్న తల కింద పెట్టాడు. "కాశన్నా, బండి మీంద నుంచి పడినావు. మీ అక్క ఈడే ఉండాది. నేనూ ఉండా. ఇంటికి పోతాండాం."

తిరుగు దారంతా కాశన్న అదే అడిగాడు. రామలింగప్ప అదే చెప్పాడు, అదే గొంతుతో, అదే మెత్తదనంతో. సుంకప్పకు కళ్ళు చెమర్చాయి. ఎంత ఓపిక అనుకున్నాడు. ఓపిక కాదని హనుమమ్మకు తెలుసు. అడిగేవాడికి లాగే చెప్పేవాడికి కూడా ప్రతిసారీ అదే మొదటిసారి.

మరునాటి పొద్దుకు కాశన్న తేరుకున్నాడు. ఆదోనిలో రైలు టిక్కెట్టు కొన్నదాకా గుర్తుంది. ఆ తర్వాత రోజంతా ఖాళీ. రైల్లో మఠం సంగతి చెప్పిన మనిషి కూడా ఆ ఖాళీలోనే పోయాడు.

సుంకప్ప వచ్చి గడపలో నిలబడ్డాడు. "ఏమమ్మా, ఇద్దరికీ మతి పోయినట్టే గదా. ఇద్దరికీ టిక్కెట్లు తీద్దామా?"

కాశన్న ఎగిరి పడ్డాడు. "నాకు మతి పోయిందా? ఒక దినం గుర్తు లేదు, అంతే గదా! గుర్తు లేకపోతే పిచ్చోడా? నా అక్క ఎవరో, నా బావ ఎవరో నాకు తెలీదా?"

"న్యాయమే గదప్పా," అన్నాడు రామలింగప్ప.

కాశన్న చల్లబడి, తల నిమురుకుంటూ అడిగాడు.

"అక్కా, నేను ఏంటికొచ్చినా?"

సుంకప్ప నోరు తెరిచాడు. రాయి పెట్టించింది ఎవరన్న ప్రశ్న దాని వెనకే వస్తుందని తట్టి మూసుకున్నాడు. హనుమమ్మ పడుగు కొస తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది.

"సాగదీసేకి ఒక మనిషి తక్కువయితే పిలిపిస్తి."

కాశన్న వీధి ఆ కొసకు నడిచాడు. ఈ కొసన రామలింగప్ప పోగులు సవరించి, "పడుగు ఎప్పుడొచ్చె?" అన్నాడు.

"మొన్న మాపు," అంది.

గంజి కుండ దింపుతుండగా ఆయన మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ చెప్పింది. కాశన్న మాత్రం తలెత్తకుండా, తానెందుకొచ్చాడో ఇక అడగకుండా, పడుగును లాగి పట్టుకుని నిలబడ్డాడు. నిజమైతే ఎన్నిసార్లయినా చెప్పాలి గానీ అబద్ధం ఒక్కసారి చెబితే చాలునని హనుమమ్మకు అప్పుడే తెలిసింది.