మా అమ్మ అధ్యక్షురాలైన వైనం

అధికార పార్టీలో గ్రూపులు లేవని, ఉన్నవన్నీ అభిప్రాయాలేనని పార్టీ పరిశీలకులు సుబ్రహ్మణ్యం గారు ఉప్పల్ ఫంక్షన్ హాల్లో ప్రకటించారు. ఎడమవైపు వాళ్లు చప్పట్లు కొట్టారు. అది చూసి కుడివైపు వాళ్లు మానుకున్నారు.

ఎడమవైపు నాచారం కొమురెల్లి అన్న. కుడివైపు హబ్సిగూడ రాజశ్రీ మేడం. నియోజకవర్గ అధ్యక్ష పదవికి ఇద్దరూ సేవాభావంతోనే పోటీపడుతున్నారు. పోయిన వారం ఆ సేవాభావంలో పదకొండు కుర్చీలు విరిగాయి.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. అందుకని తీర్మానం రాసే బాధ్యత నాకిచ్చారు. 'అధ్యక్ష ఎంపికను అధిష్ఠానానికే వదిలేస్తున్నాం.' ఒక్క వాక్యం. ప్రజాస్వామ్యాన్ని అంత పొదుపుగా రాయగలిగినందుకు గర్వపడ్డాను.

నాకూ ఒక పని ఉంది. మా అమ్మ ఉప్పలమ్మ చనిపోయిందని రేషన్ కార్డులో పేరు తీసేశారు. ఏడు నెలలుగా ఆమె బియ్యం రావడం లేదు. ఆమె మాత్రం రోజూ నాచారం ఫ్యాక్టరీలో బిస్కట్లు ప్యాక్ చేస్తోంది. సభకు ముందే సుబ్రహ్మణ్యం గారికి అర్జీ ఇవ్వబోయాను.

"విడి కాగితం ఎవరు చదువుతారయ్యా? కవర్లో పెట్టి సీలెయ్యి. దానికో విలువుంటుంది."

పెద్దమనిషి మాట. లక్క సీలు వేసి ఇచ్చాను. అధ్యక్షుడి పేరుందంటున్న అధిష్ఠానం సీలు కవరున్న బ్యాగులోనే దాన్నీ పెట్టుకున్నారు.

తీర్మానం అయ్యాక ఆయన ఒక కవరు కళ్లకద్దుకుని, చించి, మైకులో మొదటి వాక్యం చదివారు: "నాచారం వాస్తవ్యురాలు శ్రీమతి ఉప్పలమ్మ గారిని ఇకనైనా గుర్తించవలెను."

ఆ పేరు ఎవరిదని రెండు వైపుల వాళ్లూ వెనక్కి తిరిగి వెతికారు.

"ఎవలన్న గానీ, ఆ మేడం అయితే గాదు గదా," అన్నాడు కొమురెల్లి అన్న.

"ఆయన కాదుగా, చాలు," అంది రాజశ్రీ మేడం.

ఇద్దరూ ఒకేసారి చప్పట్లు కొట్టారు. ఏకగ్రీవం.

నేను స్టేజీ మీదికి పరుగెత్తి, "సార్, అది మా అమ్మ అర్జీ," అన్నాను. ఆయన గబగబా రెండో కవరు చించి చూశారు. మైకుకు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇందులో 'మీలో మీరే తేల్చుకోండి' అని ఉందయ్యా. ఇది చదివితే ఉన్న కుర్చీలూ మిగలవు. మీ అమ్మే ఉండనీ."

సాయంత్రం అందరూ మా ఇంటికి వచ్చి అమ్మకు దండలు వేశారు. "షిఫ్టుకు పోవాలె, జర జల్ది ఎయ్యిన్రి," అంది అమ్మ.

మర్నాడు రేషన్ ఆఫీసులో అధ్యక్షురాలిని చూసి క్లర్కు లేచి నిలబడ్డాడు. కుర్చీ వేసి, చాయ్ తెప్పించాడు.

"సిస్టంల మీరు సచ్చిపోయిన్రు మేడం. పైకెల్లి అప్రూవల్ రావాలె. చక్కెర సరిపోయిందా?"

పది రోజుల్లో, సిస్టంలో అమ్మ చనిపోయినట్టున్న కాగితం కొమురెల్లి అన్న చేతికి చేరింది. పదవి ఖాళీ అని ఆయన ప్రకటించాడు. రాజశ్రీ మేడం ఆయనతో రెండోసారి ఏకీభవించింది. అదే హాల్లో సంతాప సభ. తీర్మానం నన్నే రాయమన్నారు.

"ఎట్ల రాయాలన్నా? మా అమ్మ గాడ కూసున్నది."

"కనవడుతున్నది తమ్మీ, నేనేమన్న గుడ్డోన్నా? ఆన్‌లైన్ల సూడు."

అధ్యక్షురాలు కాబట్టి అమ్మకు ముందు వరుసలోనే కుర్చీ వేశారు. స్టేజీ మీద ఆమె ఫొటో.

"పోయినసారి దండ నా మెడల ఏసిన్రు. ఈసారి ఫొటోకు ఏసిన్రేంది బిడ్డా?"

"అందరూ రెండు నిమిషాలు మౌనం పాటించాలి," అన్నారు మైకులో సుబ్రహ్మణ్యం గారు.

హాలంతా లేచింది. అమ్మ కొంగు సర్దుకుని తనూ లేచి నిలబడింది.