నవ్వుతోంది కదా, ఇంకెందుకు మాత్రలు?

దిగులు జబ్బుకు మాత్రలు రాసే డాక్టర్లను నూజివీడు పొలిమేర దాటి రానివ్వకూడదని నా నిశ్చితాభిప్రాయం. వాళ్లతో మనకేం పని? మన వీధుల్లో అంతకన్నా గొప్పవాళ్లున్నారు. ఫీజు లేదు, అపాయింట్‌మెంట్ లేదు. పైగా ఇంటికే వస్తారు!

నా భార్య విజయరాణి నెలల తరబడి నిద్రపోక, తినక, పలకరించినా పలకకుండా ఉంటే బెజవాడ తీసుకెళ్లాను. ఆ డాక్టరు గంటసేపు విని ఒక్క మాత్ర రాశాడు. రోజుకొకటి. పనిచేయడానికి మూడు నాలుగు వారాలు పడుతుందట. మొదట్లో కడుపులో తిప్పవచ్చట. దిగులు మరీ పెరిగితే ఆ రోజే ఫోన్ చేయాలట. తగ్గాక కూడా కొన్ని నెలలు వాడాలట, తనకు చెప్పకుండా ఆపనే కూడదట. ఇన్ని జాగ్రత్తలు చెప్పే మనిషిని ఎవరైనా నమ్ముతారా?

మా వీధికి అలాంటి సందేహాలు లేవు. ఎదురింటి సౌజన్య ఆ మాత్ర పేరు ఫోన్‌లో చూసి, అలవాటైపోతుందని అరనిమిషంలో తేల్చింది. మా స్కూలు హెడ్‌మాస్టరుగారు పొద్దున్నే నడిస్తే చాలన్నారు. పనీపాటా లేకే ఈ జబ్బులని ఇంకొకరన్నారు. తెల్లవారకముందే లేచి ఇంటెడు చాకిరీ చేసే మనిషికి!

రెండో నెలలో విజయరాణి నవ్వింది. పెరట్లో ఆవకాయకు కాయలు తుడుస్తూ, నేను చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నానని నవ్వింది. ఆ కాయలు తెచ్చిన దుర్గాప్రసాద్‌గారు అక్కడే ఉన్నారు. ఆగిరిపల్లిలో పెద్ద మామిడితోట ఉన్న రైతు.

"చెల్లెమ్మ నవ్వుతోంది కదా మాస్టారూ. ఇంకెందుకా మాత్రలు? ఒంటికి వేడి."

ఎంత తేలికైన వైద్యం! ఆ సాయంత్రమే మాత్రలు అటకెక్కాయి. ఎక్కించింది నేనే. ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పేదీ నేనే. తల తిరుగుతోందని, ఉండుండి కరెంటు కొట్టినట్టుంటోందని ఆమె అంటే, వేడి దిగుతోందని వీధంతా సంతోషించింది. వానలు మొదలయ్యేసరికి మళ్లీ పలకడం మానేసింది. శ్రావణం రాకముందే తన ప్రాణం తానే తీసుకుంది.

పదకొండో రోజున అందరూ వచ్చారు. ఆ మాత్రల వల్లే ఇలా జరిగిందని ఏకగ్రీవంగా తీర్మానించారు.

పోయిన నెల స్కూలు పని మీద ఆగిరిపల్లి వెళ్లాను. దుర్గాప్రసాద్‌గారు తోటకు రెండోసారి మందు కొట్టిస్తున్నారు. పురుగు కనబడటం లేదు. చెట్లనిండా పిందె. బాగానే ఉన్నాయి కదా, మళ్లీ ఎందుకని అడిగాను.

"బాగున్నాయని మధ్యలో ఆపేస్తే ఉన్నది కూడా రాలిపోద్ది మాస్టారూ. షాపాయన చెప్పిన ప్రకారం కొట్టాల్సిందే. చెట్లతో మన సొంత తెలివి పనికిరాదండీ."

నిజమే. చెట్లు కదా, జాగ్రత్తగా ఉండాలి.

మా పెరట్లో ఆయన మాత్రల సంగతి మాట్లాడిన రోజు నేను డాక్టరుకు ఫోన్ చేయలేదు.