జున్నును పోలిన జున్ను

పెద్ద అడవులకేం, చాలా ఉన్నాయి. ఈ కథ జరిగిన అడవిలో మాత్రం చెట్ల కంటే కమిటీలు ఎక్కువ. వాగు పొంగితే ఒక కమిటీ, ఎండితే ఇంకొకటి. అన్నింటికీ అధ్యక్షుడు పెద్దపులి, కార్యదర్శి నక్క.

ఆ అడవిలో కాటుక అనే గేదెకు నెలలు నిండాయి. బిడ్డ పుడుతుందన్న సంతోషం కంటే ఆమెకు గుండెల్లో దడే ఎక్కువగా ఉంది. గేదె ఈనితే జున్నుపాలు పెద్దలకు పంపడం అక్కడి ఆచారం. తొలిచూలప్పుడు అందరూ ముంతలు పట్టుకుని దిగారు. "రుచికి కొంచెం చాలమ్మా" అంటూనే పొదుగు ఖాళీ అయ్యేదాకా పితికించుకున్నారు. ఆ దూడ ఒళ్ళు చేయలేదు. ఇప్పటికీ వాగు గట్టు ఎక్కాలంటే తల్లి వెనకనుంచి మూతితో నెట్టాలి. నెట్టినప్పుడల్లా కాటుకకు ఏడుపొస్తుంది, పెద్దల మీద ఒళ్ళు మండుతుంది.

ఈసారి ఆమె ముందే జాగ్రత్తపడింది. అడవిలో వంటకు పేరున్న కొండముచ్చు దగ్గరికి వెళ్ళింది.

"వదినా, జున్నుపాలు లేకుండా జున్ను చేయొచ్చా?"

"జున్నులాంటిది చేయొచ్చు. మేకలనడిగి చిక్కటి పాలు తెస్తాను. గట్టి పెరుగు, బెల్లం, దంచిన మిరియాలు, యాలకులు కలిపి ఆవిరి మీద పెడితే చక్కగా గడ్డకడుతుంది. తినేవాళ్ళకి ఆకలుంటే తేడా తెలియదు."

"ఆ మాటే సభలో చెబుదాం. అది దొరికాక నా పొదుగు జోలికి ఎవరొస్తారు?"

సభలో పెద్దపులి శ్రద్ధగా విని ఆవలించింది. "తాటిముంజలు కూడా జున్నులాగే ఊగుతాయి కదా" అని ఎలుగుబంటి తన విజ్ఞానం ప్రదర్శించింది. నక్క కళ్ళు మాత్రం మెరిశాయి.

"గొప్ప ఆలోచన! దీనికొక కమిటీ వేద్దాం. జున్నుకు బదులు ఏది పనికొస్తుందో రుచి చూసి తేలుద్దాం" అంది.

కాటుక తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్ళింది. పాపం, ఆమెకు కమిటీల సంగతి తెలియదు.

దూడ పుట్టింది. తల్లి నాకుతుంటే అది వణికే కాళ్ళ మీద లేచి పొదుగు వెతుక్కుంటోంది. అంతలో నక్క వచ్చింది. ఈసారి వెనక ముంతలు లేవు, కడవలున్నాయి.

"అదేంటి బాబూ, బదులు చూస్తామన్నారుగా?"

"చూస్తాం కాబట్టే వచ్చానమ్మా. బదులుది బాగుందో లేదో తెలియాలంటే పక్కన అసలుది పెట్టి పోల్చాలా వద్దా?"

"దానికి ఒక్క గరిటె చాలదా?"

"కమిటీలో అందరూ పోల్చాలి. అధ్యక్షులవారి నోరు పెద్దది, ఒక పట్టాన పోలిక తెగదు. ఎలుగుబంటిగారు మొదటి వాయి రుచి మర్చిపోతారు, మళ్ళీ పెట్టాలి. పరిశీలన అంటే మాటలా?"

కాటుక తన గొయ్యి తానే తవ్వుకుంది. ఆచారమైతే ముంతలతో పోయేది, పరిశీలన కడవల్ని తెచ్చింది. దూడ పొదుగు అందుకోబోయి తూలిపడింది. దాన్ని చూడగానే తల్లికి భయం పోయి మొండితనం వచ్చింది.

"పాలు ఇంకా చేపుకు రాలేదు, పొదుగులోకి దిగలేదు బాబూ. అయినా పచ్చిపాలు మోస్తే దారిలో ఒలికిపోతాయి. నేనే జున్ను వండించి సాయంత్రానికి పంపిస్తాను" అంది.

వంట తప్పినందుకు నక్క సంతోషంగా వెళ్ళిపోయింది. కాటుక దూడను పొదుగుకు అంటించి, కొండముచ్చును పిలిపించి చెవిలో ఏదో చెప్పింది. కొండముచ్చు పొట్ట పట్టుకుని నవ్వింది.

సాయంత్రం కమిటీ కూర్చుంది. ముందు రెండు మట్టి మూకుళ్ళు. ఒకటి మోదుగాకు కప్పినది, అది బదులుది. ఇంకొకటి తామరాకు కప్పినది, అది అసలుది. రెండింట్లోనూ ఉన్నది కొండముచ్చు ఒకే కుండలో వండిన మేకపాల జున్నే.

పెద్దపులి మోదుగాకు తీసి ఒక ముక్క నోట్లో వేసుకుంది. "ఛీ! మేక వాసన! బతికున్న మేకకే ఇంత వాసన ఉండదు."

తర్వాత తామరాకు తీసింది. కళ్ళు మూసుకుంది. "ఆహా, ఏం కమ్మదనం! మా నాయనమ్మ గుర్తొచ్చింది."

"ఆ జిగే వేరు" అంది ఎలుగుబంటి, మూకుడు నాకుతూ. "తేడా ఇంకా సరిగ్గా తెలియడం లేదు, మరో ముక్క వెయ్యండి."

"అసలు అసలే, నకిలీ నకిలీయే!" అని నక్క తీర్పు చదివింది. "అయినా తొందరపడకూడదు. రేపు కూడా పోల్చాలి."

రేపూ పోల్చారు, మర్నాడూ పోల్చారు. కాటుక జున్నుపాలు ఉన్నన్నాళ్ళూ దూడే తాగింది. తల్లి నెట్టకుండానే గట్టు ఎక్కి, అన్నను కూడా ఆటకు లాగింది. కాటుక ఆనందం అంతా ఇంతా కాదు.

చివరికి నక్కకు ఆశ పుట్టింది. కమిటీలో పంచుకోవడం దేనికి, నేరుగా పాల దగ్గరికే పోదామని తెల్లవారకముందే కాటుక ఇంటికొచ్చింది. అక్కడ దూడ మూతినిండా నురగతో గంతులేస్తోంది. కొండముచ్చు పొయ్యి దగ్గర ఒకే కుండలోంచి రెండు మూకుళ్ళలోకి జున్ను సర్దుతోంది.

"దొరికిపోయావు! ఇంత మోసమా? ఇప్పుడే పెద్దపులిగారికి చెబుతాను" అని అరిచింది నక్క.

"చెప్పు బాబూ" అంది కాటుక నెమ్మదిగా. "ఇన్నాళ్ళూ మేకపాల జున్ను తిని నాయనమ్మను తలుచుకున్నారని పెద్దపులిగారి ముఖం మీదే చెప్పు. తీర్పు చదివింది కూడా నువ్వేనాయె."

నక్క తోక ముడిచి సభకు పోయింది.

అక్కడ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. బదులు జున్ను పనికిరాదు. అసలు జున్ను అమోఘం కాబట్టి అధ్యక్షులవారికి ఏడాది పొడుగునా అదే అందాలి. ఏర్పాటు చేయాల్సిన బాధ్యత కార్యదర్శిది.

అప్పటినుంచి నక్క రోజూ పొద్దున్నే కడవ పట్టుకుని మేకల మంద వెంట పడుతోంది. "పాల కోసమే వచ్చాను తల్లీ, ఒట్టు!" అని ఎంత మొత్తుకున్నా ఒక్క మేకా నిలబడడం లేదు.

నీతి కావాలా, రాసుకోండి: నకిలీని పట్టుకోవడం తేలికే, అసలుదాన్ని దూడ తాగెయ్యకుండా ఉంటే.