పటేలు తడిపించిన తెర

లక్సెట్టిపేట దగ్గరి ఆ ఊరి బడిపంతులు హనుమండ్లు ఆ పొద్దున ఒకే ఆశతో నిద్రలేచాడు. మంచిర్యాల మిత్రులతో కలిసి సొంతంగా మూడు రోజుల సినిమా పండుగ పెడుతున్నాడాయన. మొదటి బొమ్మ, ఊరంతా ఒకే బావి నీళ్ళు తాగే కథ. అది చూశాకైనా, అంటరానివాళ్ళంటూ ఊరికి ఎడంగా ఉంచిన ఐలవ్వ వాడ జనాన్ని ఊరి బావి తాకనిస్తారేమోనని ఆశ. ఎండలకు, వాగు ఇసుకలో నీళ్ళకోసం వాళ్ళు తవ్వుకున్న చెలిమె కూడా ఎండిపోయింది మరి.

పటేలు లింగమూర్తి సరేనన్నాడు గానీ మెలిక పెట్టాడు.

"వాడోళ్లు తెర ఎన్కకు కూసోవాలె పంతులూ. ఇగ గా బట్ట ఎవలెవలు ముట్టిండ్రో ఏమో! బాయి నీళ్లతోని తడిపినంకనే మావోళ్లు దాని ముంగట కూసుంటరు."

"సినిమా బట్టకు మైలేంది పటేలా?"

"నా ఊళ్లె గంతే."

సినిమాకు మడి కట్టించిన మొనగాడు లోకంలో ఆయనొక్కడే కావచ్చు. హనుమండ్లు మింగలేక కక్కలేక తలూపాడు.

పొద్దుగూకగానే పటేలు జీతగాడు అంకయ్య బిందెలకొద్దీ నీళ్ళు తెచ్చి తెరను నిలువునా తడిపాడు. సినిమా మిషను తిరిగింది. ముందు కూర్చున్న పెద్దలకు పాలిపోయిన నీడలు తప్ప ఏమీ కనిపించలేదు. వెలుగంతా తడి బట్టలోంచి అవతలికి దూసుకుపోయి, వెనకవైపు బొమ్మ ధగధగలాడింది.

"అవ్వో! గా పిల్ల కండ్లల్ల నీళ్లు సుత కనవడ్తున్నయ్!" అంది ఐలవ్వ.

వాడంతా ఊపిరి బిగబట్టింది. పట్నంలో ఎన్నో బొమ్మలు చూసిన హనుమండ్లు, ఆ ముఖాల మీది వెలుగునే చూస్తూ నిలబడిపోయాడు.

ఐలవ్వ కేక విని సంగతేమిటో చూడబోయిన అంకయ్య తిరిగి రాలేదు. అతన్ని పిలుచుకొస్తానని వెళ్ళిన పటేలు భార్య సరోజన కూడా రాలేదు. ఇద్దరినీ తిట్టడానికి వెళ్ళిన పటేలు, తెరవైపు చూసి తిట్టు మరిచి ఐలవ్వ పక్కనే చతికిలపడ్డాడు. కాసేపట్లో ముందువైపు మిషను తప్ప ఎవరూ మిగల్లేదు.

ఇంతలో వడగాలికి తెర ఆరింది. బొమ్మ వెలవెలబోయింది.

"నీళ్లు! అంకిగా, జల్ది నీళ్లు తే!" పటేలు అరిచాడు.

"జరాగు పటేలా, కత గిప్పుడే మంచిగొస్తుంది," అన్నాడు అంకయ్య, కన్ను తిప్పకుండా.

"ఐలవ్వా, నువ్వన్న ఉరుకు!"

"యాడికి పటేలా? మా చెలిమె ఎండిపాయె."

"దగ్గర బాయి వెట్టుకోని అడుగుతవేందే? చేదు!"

ఐలవ్వ ఊరి బావిలోకి బొక్కెన వదిలింది. గిలక కిర్రుమంది. హనుమండ్లు సినిమా మరిచి అటే చూశాడు. ఆయన కళ్ళు తడిశాయి. వెనకే వాడ ఆడవాళ్ళంతా కడవలతో కదిలారు. తెరకొక కడవ, ఇంటికొక కడవ.

తెల్లారి బావి దగ్గర ఎవరో అడ్డుపడితే ఐలవ్వ జంకలేదు. "పటేలే చేదుమన్నడు. ఊరంత ఇన్నది, అడుగుండ్రి!" అంది. అడగొచ్చినవాళ్ళకు పటేలు అవునని తలూపక తప్పలేదు.

ఇంతకీ సినిమాలో బావి కథ ఎలా ముగిసిందో పటేలుకు తెలియదు. ఆ ఘట్టమంతా ఆయన నీళ్ళ కోసం కేకలేస్తూనే ఉన్నాడు.