కనపడని లైను

గురువారం పొద్దున విజయభాస్కర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గురవమ్మ కొట్లో రెండు దోసెలు తినాలి. చెన్నైలో గాలాల సామాన్లు అమ్మే ముఖేష్‌కి ఫోన్ చేసి, తెగని దారం ఒకటి తెప్పించుకోవాలి. ఆదివారం ఉప్పుకాలువ గట్టున కూర్చుని దాంతో ఒక పండుగప్పని పట్టాలి. ఇందులో ఆయన కాపురముండే దిబ్బపాళెం ఊరికి గాని, కరెంటు ఆఫీసుకి గాని ఏ సంబంధమూ లేదు. కాకపోతే ఆయన ఆ కరెంటు ఆఫీసులోనే లైన్ ఇన్‌స్పెక్టరు. తంటా అంతా అక్కడే వచ్చింది.

చేపల్లో పండుగప్పే ఎందుకంటే, దాని వెనక ఒక అబద్ధం ఉంది. ఆరు నెలలుగా ఆయన గాలం భుజాన వేసుకుని కాలువకి వెళ్ళి, నల్లబడిన మొహంతో తిరిగొస్తున్నాడు. పోయిన నెల ఇక ఉండబట్టలేక, నెల్లూరు చేపల మార్కెట్‌లో చెయ్యి పొడుగు పండుగప్పని కొని, ఇంటికి తెచ్చి, "నేనే పట్టాను" అన్నాడు. భార్య సాయిలక్ష్మి నమ్మిందో లేదో తెలియదు గాని, పులుసు పొయ్యి మీద ఉండగానే బిట్రగుంటలో ఉన్న తమ్ముడు నరేంద్రబాబుకి ఫోన్ చేసి చెప్పేసింది. బావని ఆటపట్టించే అవకాశం కోసం పండగల దాకా ఆగే రకం కాదు నరేంద్రబాబు. "ఆదివారం నేనొస్తన్నా బావా. నా కళ్ళెదురుగా ఇంకొకటి పట్టు" అన్నాడు.

నిజానికి పండుగప్పలు ఆయన గాలానికి రెండుసార్లు తగిలాయి. ఆ చేపకి మొప్ప మీద కత్తిలాంటి అంచు ఉంటుంది. గాలం తగలగానే ఎగిరి తల విదిలించిందంటే మామూలు నైలాన్ దారం తెగిపోవాల్సిందే. రెండుసార్లూ అదే జరిగింది. ఫోన్‌లో వీడియోలు చూసి చూసి, దీనికి మందు ఫ్లోరోకార్బన్ దారమని ఆయన తేల్చుకున్నాడు. గీసుకున్నా తెగదు, నీళ్ళలో మునిగితే కనపడదు. ఆ వీడియోల పుణ్యమా అని దారాన్ని 'లైను' అనడం కూడా నేర్చుకున్నాడు. ఆయన ఆ రోజు 'గాలం దారం' అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

గురవమ్మ కొట్లో సిగ్నల్ అంతంత మాత్రం. అందుకని ఆయన అరిచి మాట్లాడాడు.

"ముఖేష్! పాత లైన్ మీద నాకు నమ్మకం పోయిందయ్యా. ఎక్కడ చూసినా గీసుకుపోయి ఉంది. కాస్త లోడ్ పడితే పుటుక్కున తెగుతుంది."

పెనం మీద పిండి తిప్పుతున్న గురవమ్మ చెయ్యి ఆగింది.

"ఆదివారం పొద్దున్నే మొత్తం తీసేసి కొత్తది వేసేస్తా. కార్బన్‌దేనా? నీళ్ళలో పడినా ఏం కాదు కదా? ఏంటి, కంటికి కనపడదా? అదే నాక్కావలసింది! వీళ్ళు మహా గడుసువాళ్ళు ముఖేష్. లైన్ కనపడిందంటే తప్పించుకుపోతున్నారు. కొక్కెం సంగతి నాకొదిలెయ్. ఈసారి ఒక్కొక్కళ్ళని పట్టకపోతే అడుగు."

చేపల్ని మనుషుల్లా తిట్టుకోవడం గాలం వేసేవాళ్ళకి అలవాటే. ఆ అలవాటు గురవమ్మకి తెలియదు. ఆమెకి తెలిసిన కొక్కెం ఒకటే. ఆమె ఫ్రిజ్‌కి కరెంటు, మీటరుతో పనిలేకుండా, స్తంభం తీగ మీద తగిలించిన ఆ కొక్కెం నుంచే వస్తోంది. దోసె మాడిన వాసన వచ్చేదాకా ఆమె కదల్లేదు. మధ్యాహ్నానికి ఆమె ఫ్రిజ్ ఆగిపోయింది. సాయంత్రానికి దిబ్బపాళెంలో ఒక్క కొక్కెం కూడా తీగల మీద లేదు.

మర్నాడు మాలకొండయ్య విజయభాస్కర్ని వెతుక్కుంటూ వచ్చాడు. వేటకి వెళ్ళే కుటుంబంలో పుట్టి, పడవ అమ్మేసి, కౌలుకి ఒక రొయ్యల గుంట పట్టిన మనిషి. గుంట నిండా రొయ్యలు పట్టుబడికి దగ్గరగా ఉన్నాయి. ఇల్లు గడిచినా, కూతురు రోజారమణి కాలేజీలో చేరినా ఆ గుంట మీదే.

"సార్, ఆదివారం లైన్ మారుస్తన్నారంట గదా. ఎన్నింటికి తీస్తారు? గుంటలో గాలి తిప్పే చక్రాలు ఆగినాయంటే రొయ్యలు తేలిపోతాయి. ముందుగా చెబితే ఏదోకటి చూసుకుంటా."

విజయభాస్కర్‌కి ఆ ముక్క తెలియదు. తన ఏరియాలో లైన్ మారుస్తుంటే తనకే తెలియదా? పై అధికారి ఏఈ రంగనాయకులు తనని అడక్కుండానే నిర్ణయం తీసేసుకున్నాడన్నమాట! ఆయనకి సిగ్గేసింది. "నాకు తెలియదు" అంటే పోయేదేమీ లేదు. కానీ ఎదుటి మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నప్పుడు ఆ రెండు మాటలు నోటికి రావడం బహు కష్టం.

"అవును. ఆరింటికి తీస్తాం" అన్నాడు.

"అంతే చాలు సార్. మీరు చెప్పినారంటే చెప్పినట్టే" అని మాలకొండయ్య దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అటు రంగనాయకులుకి రొయ్యల గుంటలవాళ్ళ నుంచి వరసగా ఫోన్లు. అందరిదీ ఒకే మాట, భాస్కర్ సార్ చెప్పినాడు. నెల్లూరు ఆఫీసువాళ్ళు తనని దాటి కిందివాడికి చెప్పారని ఏఈకి చురుక్కుమంది. అయితే ఆయన కూడా తెలియదని చెప్పుకునే మనిషి కాదు. సాయంత్రం ఫోన్ చేసి, "ఏమయ్యా, ఆదివారం పనికి ఏర్పాట్లు అయినాయా?" అన్నాడు గంభీరంగా.

'చూశావా, ఈయన పనే' అనుకున్నాడు విజయభాస్కర్. "అవుతున్నాయి సార్" అన్నాడు అంతకంటే గంభీరంగా.

"సరే. ఎల్.సి. నేను తీసుకుంటా."

ఎల్.సి. అంటే కరెంటు ఆపడానికి అనుమతి. అడిగింది ఏఈ గనక నెల్లూరువాళ్ళు మారు మాట్లాడకుండా ఇచ్చేశారు. అలా ఎవరూ చెప్పని పని ఒకటి, అందరూ చెప్పినట్టుగా ఖాయమైపోయింది.

శనివారం విజయభాస్కర్ కొరియర్‌లో వచ్చిన దారం చుట్టని జేబులో వేసుకుని, గురవమ్మ కొట్టు ముందు బండి ఆపాడు. ఆదివారం పని మధ్యాహ్నానికి అయిపోతే సాయంత్రమైనా గాలం వెయ్యొచ్చని ఆయన ఆశ. గురవమ్మ చెంగు నడుముకి దోపుకుంటూ బయటికొచ్చింది.

"సార్, ఆ కనపడని కార్బన్ లైను మా మిద్దె మీదగా పోద్దా? పిల్లకాయలు పైకెక్కుతుంటారు. కనపడకుండా తగిలితే ఎట్టా సార్? కొక్కేలన్నీ తీసేసినాం. మీ కాళ్ళు పట్టుకుంటా, మమ్మల్ని పట్టబాకండి."

"కార్బన్ లైనా? నీకెవరు చెప్పారు?"

"మీరే గదా సార్! మొన్న మా కొట్లో నిలబడి, ఊరంతా వినేట్టు ఫోన్లో అరిచినారు."

విజయభాస్కర్‌కి జేబులో చుట్ట ఉన్నచోట చుర్రుమంది. బండి పక్కకి తోసుకెళ్ళి ఏఈకి ఫోన్ కలిపాడు.

"సార్... రేపటి పని ఆపేద్దామా?"

"ఎల్.సి. వచ్చేసినాక ఆపడమేందయ్యా? నెల్లూరువాళ్ళకి ఏం చెప్పమంటావు? ఏమైంది?"

"చేపలకి..." అని మొదలుపెట్టి, "ఏం లేదు సార్" అని పెట్టేశాడు.

పోనీ మాలకొండయ్యకైనా నిజం చెబుదామని గుంట దగ్గరికి వెళ్ళాడు. అక్కడ మాలకొండయ్య, పక్క గుంటలవాళ్ళు నలుగురు కలిసి ట్రాక్టరు మీద నుంచి జనరేటరు దించుతున్నారు. కోవూరు నుంచి తెచ్చారట. మాలకొండయ్య చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. ఈయన్ని చూడగానే మొహం విప్పారింది.

"మీరు ముందుగా చెప్పబట్టి సరిపోయింది సార్. ఇంకో ఆఫీసరైతే చెప్పా పెట్టకుండా తీసేసుంటాడు."

విజయభాస్కర్ నోరు తెరిచాడు. జనరేటరు వైపు చూశాడు. నోరు మూశాడు. ఆయన జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. మర్నాడు దాన్ని మించి పడాల్సి ఉందని ఆయనకి తెలియదు పాపం.

ఆదివారం తెల్లవారగానే నరేంద్రబాబు టోపీ పెట్టుకుని దిగాడు. "గాలం ఏది బావా?"

"డ్యూటీ పడింది."

"పడుద్ది, పడుద్ది. నేనొచ్చే రోజే పడుద్ది" అని నవ్వుతూ, బావ బండి వెనక ఎక్కి కూర్చున్నాడు.

కరెంటు ఆగింది. జనరేటరు మోగింది. గుంటలో చక్రాలు తిరిగాయి. కనపడని లైను ఎలా ఉంటుందో చూద్దామని ఊరంతా గట్టు మీదకి వచ్చింది. విజయభాస్కర్ ఆలోచన ఒకటే. లైన్‌మన్ మస్తానయ్యని రెండు స్తంభాలెక్కించి, నాలుగు బోల్టులు బిగించినట్టు చూపించి, కరెంటు ఇచ్చేసి, ఇంటికెళ్ళి దుప్పటి కప్పుకోవడం.

మస్తానయ్య మాలకొండయ్య గుంట పక్కనున్న స్తంభమెక్కాడు. కాసేపటికి పైనుంచి కేక వినపడింది.

"సార్! ఇక్కడ తీగల్ని కలిపే ముక్క కాలిపోయి ఒక్క పోగు మీద నిలబడుంది సార్! చెయ్యి పెట్టంగానే ఊడొచ్చింది. ఇయ్యాలో రేపో తీగ పోయి గుంటలో పడేది!"

జనం ఒక్కసారి గుంట వైపు చూశారు. రోజూ తెల్లారకముందే మాలకొండయ్య మోకాళ్ళ లోతున దిగి మేత చల్లే చోటు సరిగ్గా ఆ తీగ కిందే ఉంది. మాలకొండయ్య అక్కడే గట్టు మీద చతికిలబడ్డాడు. కాసేపటికి లేచి వచ్చి, విజయభాస్కర్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

చప్పట్లు మోగాయి. విజయభాస్కర్ తల ఎత్తలేకపోయాడు. ఆరు నెలలుగా వారం వారం గాలం భుజాన వేసుకుని ఆ స్తంభం పక్కనుంచే కాలువకి వెళ్ళాడు. కళ్ళు నీళ్ళ మీద. స్తంభాల తనిఖీ అంటే బండి దిగకుండా ఒక చూపు విసిరి, "బాగుంది" అనుకోవడం. గాలం దారాన్ని మాత్రం ప్రతి వారం రెండు వేళ్ళ మధ్య లాగి, ఎక్కడ గరుకు తగులుతుందోనని మొదలు నుంచి చివరిదాకా తడిమి చూసేవాడు. ఒక చేప తెంపుకుపోతుందేమోనని అంత భయం. మనిషి మీద తీగ తెగిపడుతుందనే భయం ఒక్కసారీ కలగలేదు.

పని చూడ్డానికి వచ్చిన ఏఈ ఆయన్ని పక్కకి లాగాడు. "ఇంతకీ నెల్లూరులో నీకు చెప్పిందెవరయ్యా?"

"మీరే అనుకున్నాను సార్."

"నేనా? నేను నువ్వనుకున్నా." ఏఈ అటూ ఇటూ చూశాడు. "గమ్మునుండు. అడిగితే ఇద్దరం అనుకున్నాం అని చెబుదాం."

గమ్మునుండడం విజయభాస్కర్ వల్ల కాలేదు. జేబులోంచి చుట్ట తీసి పైకెత్తి చూపించాడు.

"అందరూ వినండి! నేను ఫోన్లో చెప్పింది దీని గురించి. చేపల గాలానికి కట్టే దారం ఇది! కరెంటు లైన్ సంగతి నాకేమీ తెలియదు. ఈ స్తంభాన్ని నేను సరిగ్గా చూసింది కూడా లేదు!"

గట్టంతా నవ్వులు.

"చూసినారా, ఎంత గొప్పోడో!" గురవమ్మ కళ్ళొత్తుకుంది. "పేరంతా తనకే వస్తదని, చేపల మీదకి నెట్టేస్తన్నాడు!"

"కాదు గురవమ్మా, నిజంగానే..."

"ఊరుకోండి సార్. కొక్కేలని పేరు పెట్టి అడిగితే మా పరువు పోద్దని, ఫోన్లో ఎవరికో చెప్తన్నట్టు మాకు చెప్పినారు. మాకు తెలవదా?"

నిజం చెప్పినా పరువు పోకపోవడం ఎంత నరకమో విజయభాస్కర్‌కి అప్పుడు తెలిసింది. ఆ గట్టు మీద నవ్వని మనిషి నరేంద్రబాబు ఒక్కడే. చుట్ట చేతిలోకి తీసుకుని, దాని మీదున్న చేప బొమ్మ చూసి, తిరిగి బావ జేబులో పెట్టేశాడు.

వాళ్ళు బయలుదేరుతుంటే మాలకొండయ్య పరిగెత్తుకొచ్చి ఒక సంచి చేతిలో పెట్టాడు. కాలువ తూము దగ్గర వలలో పడ్డ పండుగప్ప. సంచిలో ఇంకా తోక కొడుతోంది.

ఇంట్లో సాయిలక్ష్మి సంచి విప్పింది. మొగుడి మొహం, తమ్ముడి మొహం మార్చి మార్చి చూసింది.

"నేను పట్టలేదు" అన్నాడు విజయభాస్కర్, ఆమె అడక్కముందే. "మాలకొండయ్య ఇచ్చాడు. పోయిన నెలది కూడా నేను పట్టలేదు."

"అది నాకు ఆరోజే తెలుసు. కాలువలో నుంచి వచ్చిన చేప మొప్పల్లో ఐసు ముక్కలెట్టా ఉంటాయండీ?"

"మరి నరేంద్రకి ఫోన్ చేసి ఎందుకు చెప్పావు?"

"వాడు వస్తానంటే ఈసారైనా నిజంగా పడతారేమోనని" అంటూ ఆమె కత్తిపీట ముందేసుకుంది. పులుసు తినేటప్పుడు నరేంద్రబాబు ఒక్క ఎకసెక్కం కూడా ఆడలేదు. అది విజయభాస్కర్‌కి ముల్లు కంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఇప్పుడు ఆయన గాలం అటక మీద ఉంది. ఆదివారాలు ఆయన మెడ పైకెత్తి, స్తంభం స్తంభానికీ ఆగుతూ నడుస్తాడు. ఆ నడక చూసి జనం దండాలు పెడతారు. ఆయన దండానికి దండం పెట్టి తల దించుకుంటాడు, మళ్ళీ తల ఎత్తి తీగ చూస్తాడు. ఫ్లోరోకార్బన్ దారాన్ని సాయిలక్ష్మి నాలుగు పేటలుగా పేని మిద్దె మీద కట్టి, బట్టలారేస్తోంది. వీధిలోంచి చూస్తే ఆయన చొక్కాలు, ప్యాంట్లు ఏ ఆధారమూ లేకుండా గాలిలో నిలబడ్డట్టుంటాయి. ఊరికి కొత్తగా ఎవరొచ్చినా గురవమ్మ వేలు పెట్టి చూపించి, "అదే కార్బన్ లైను" అంటుంది.

రెండు లైన్లూ ఇంతవరకూ తెగలేదు.