దప్పికాసుర వధ

"వీరత్వం లేని జాతి బతికినా ఒకటే, చచ్చినా ఒకటే!"

డోన్ వీరరస విలాస సంఘం అధ్యక్షులు ఓబుళరెడ్డిగారు ఈ మాట ఉద్ఘాటించి బల్ల గుద్దారు. బల్ల కింద బల్లి కదిలింది. రెడ్డిగారు చప్పున కుర్చీ ఎక్కి, మిగతా ప్రసంగం అక్కడి నుంచే కొనసాగించారు. సభ్యులు చప్పట్లు కొట్టారు. బల్లి పారిపోయింది. సంఘానికి అదే మొదటి విజయం!

కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. అక్కడ మంత్రులుంటే, పక్కనున్న డోన్‌లో కనీసం వీరులైనా ఉండకపోతే ఏం మర్యాద? అందుకని పుట్టింది సంఘం. సభ్యులు ముగ్గురు: రెడ్డిగారు, కంట్రాక్టరు చౌడప్ప, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు లేవిగారు. ముగ్గురికీ యుద్ధమంటే ప్రాణం. ప్రాణమంటే ఇంకా ప్రాణం. కాబట్టి కత్తులతో కాకుండా గవ్వలతో, బల్ల మీద, కుర్చీల్లో కూర్చుని చేసే యుద్ధమొకటి కావాలన్నారు. వార్షికోత్సవం నాడు జనం ముందర ఆడాలి. కాఫీ వచ్చేలోగా గెలవాలి.

ఆ యుద్ధాన్ని తయారుచేసే భారం స్కూలు డ్రిల్లుమాస్టరు సుంకప్ప మీద పడింది.

"ఏమప్పా సుంకప్పా, నిన్ను అహోబిలం అవతల, నల్లమల అడవిలో బడికి మారుస్తాండారంట గదా?" అన్నారు రెడ్డిగారు.

"అవును సామీ. తమరొక్క మాట చెప్తే ఆగిపోతాది."

"చెప్తాలే. ముందు యుద్ధం సంగతి చూడు. రాక్షసుడు శానా పెద్దగా ఉండల్ల. నాకు మాత్రం దెబ్బ తగలగూడదు."

సుంకప్పకు అడవి మాటే గిట్టలేదు. రైల్వే జంక్షను ఊరొదిలి అడవికా! పెద్దమనుషుల పక్కన నిలబడి కాఫీ తాగే భాగ్యం ఆ అడవిలో ఎక్కడ దొరుకుతుంది? భార్య సిద్దమ్మ ఏమంటుందో అడగాలని మాత్రం అతనికి తోచలేదు.

ఇంటికొచ్చి, బల్ల మీద సుద్దముక్కతో కొండ గీశాడు, గుహ గీశాడు, గుహలో నీటి ఊట గీశాడు. ఊట మీద దప్పికాసురుడు కూర్చుని చుక్క నీరు కిందికి వదలడు. కింద గొంతెండుపల్లె. ముగ్గురు వీరులు కొండెక్కి, వాణ్ణి చంపి, ఊరికి నీళ్లివ్వాలి. గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే అంత దెబ్బ. వీరులకు గాజుముక్కలు. రాక్షసుడికి సిద్దమ్మ బుట్టలోంచి ఒక లావుపాటి వంకాయ.

"అది కూరకు పెట్టుకునింది!" అంది సిద్దమ్మ.

"ఇది వంకాయ కాదే, రాక్షసుడు!"

"రాక్షసుడైతే కూరకు సరిపోడా? ఆడి పారెయ్యకుండా తెచ్చియ్యి."

ఇక సంఘంవారి సవరణలు మొదలయ్యాయి. నోటీసు ఇవ్వకుండా రాక్షసుణ్ణి కొట్టడానికి రూల్సు ఒప్పుకోవన్నారు లేవిగారు. గుహకు రోడ్డు పని తనకిస్తేనే యుద్ధానికొస్తానన్నాడు చౌడప్ప. మొదటి దెబ్బా తనదే, చివరి దెబ్బా తనదే అన్నారు రెడ్డిగారు. అన్నిటికీ "అట్లే సామీ" అన్నాడు సుంకప్ప.

వార్షికోత్సవం సాయంత్రం రానే వచ్చింది. జనం విరగబడ్డారు. వీరత్వం కోసం కాదు, కాఫీ ఇస్తారని! సభకు నీళ్లు మోసే నాగక్క బిందె దించి, ఓ పక్కన నిలబడింది.

రెడ్డిగారు మీసం దువ్వి గవ్వలు వేశారు. అన్నీ బోర్లా పడ్డాయి.

"గాలికి పడినాయి!" అని మళ్లీ వేశారు. మళ్లీ బోర్లా.

రాక్షసుడి తరఫున సుంకప్ప వేశాడు. అన్నీ వెల్లకిలా! రెడ్డిగారి గాజుముక్క కొండ మీంచి దొర్లింది. లేవిగారు నోటీసు చదవడం మొదలుపెట్టారు. ఆయన రెండో పేజీలో ఉండగానే దప్పికాసురుడు ఆయన్ను కూడా తన్నాడు. చౌడప్ప రోడ్డు కొలుస్తూ లోయలో పడ్డాడు.

సుంకప్ప గబగబా లెక్క వేసుకున్నాడు. ఆటలో రెడ్డిగారు చస్తే ఇక్కడ తన ఉద్యోగం చచ్చినట్టే! రాక్షసుడి తరఫున మళ్లీ గవ్వలు వేసి, మెల్లగా చిటికెనవేలితో ఒకదాన్ని బోర్లించబోయాడు.

"ఏమప్పో, గవ్వ తిప్పుతాండావే! రాక్షసునికి అన్యాయం జేస్తావా?" అని జనం అరిచారు. "దప్పికాసురునికీ... జై!"

ఆ జై విని రెడ్డిగారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎవరికి జై కొడుతున్నారో చూశారు. లేచి, గొంతు సవరించుకున్నారు.

"మహాజనులారా! దప్పికాసురుడంటే నాకు మొదటి నుంచీ సోదర భావమే. వారి ఆశయాలూ నా ఆశయాలూ ఒకటే. ఈ క్షణం నుంచి నేను వారి పక్షం!"

గాజుముక్కను తీసి వంకాయ పక్కన పెట్టారు. చప్పట్లు మోగాయి. లేవిగారు నోటీసు చించేసి ఆ పక్కకే చేరారు. ఊట చుట్టూ గోడ కట్టే పని తనకే అన్న మాట తీసుకుని చౌడప్ప కూడా చేరాడు.

"సామీ," అన్నాడు సుంకప్ప, "అందరూ ఒకే పక్కనుంటే యుద్ధం ఎవురితో?"

"కింద ఊరుండాది గదప్పా!"

వీరులూ రాక్షసుడూ చేయీ చేయీ పట్టుకుని గొంతెండుపల్లె మీద పడ్డారు.

"ఊరోళ్లకు గవ్వలు ల్యావా సామీ?" అని అడిగింది నాగక్క.

"ప్రజలకు గవ్వలెందుకమ్మా? వాళ్ల తరఫున మేమే వేస్తాండాం గదా!"

ఒక్క దెబ్బకు ఊరు ఓడిపోయింది. రెడ్డిగారు విజయోపన్యాసం అందుకున్నారు. ఎంతసేపు మాట్లాడారంటే, గొంతు పిడచకట్టుకుపోయింది. "నీళ్లు... నీళ్లు!" అని చెయ్యి చాచారు.

నాగక్క బిందె ఎత్తి చంకన పెట్టుకుంది.

"నీళ్లన్నీ మీ రాక్షసుని కాడనే ఉండాయి గదా సామీ. ఆయన్నే అడుగుండ్రి."

అని చక్కా పోయింది. సభంతా పగలబడి నవ్వింది. ఇందాక జై కొట్టినవాళ్లే ఎక్కువ నవ్వారు. రెడ్డిగారు కాలే కాఫీ గటగటా తాగి, నాలుక కాల్చుకుని, సుంకప్ప వైపు తిరిగారు.

"ఆ యమ్మకు గవ్వలిచ్చినోడెవుడు?"

"ఎవురూ ఇయ్యల్యా సామీ!"

"ఇయ్యకుండానే ఇంత దెబ్బా! పో, అడవికి పో!"

సుంకప్ప కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరాడు. సిద్దమ్మ స్టేషను కొళాయి దగ్గర పొద్దుగూకేదాకా వరసలో నిలబడి, సగం నిండిన బిందెతో అప్పుడే వస్తోంది.

"అయిపాయ. అడవికే పొమ్మన్నారు," అన్నాడు, గోడకు ఆనుకుని చతికిలబడి.

"ఆడ నీళ్లుండాయా?"

"బడి ఎనకాలే వాగంట. ఎండాకాలం గూడా పారుతాదంట."

సిద్దమ్మ బిందె కింద పెట్టి మొగుడి మొహంలోకి చూసింది.

"ఆ వాగు కాడికి పోకుండా ఉండేదానికా, నువ్వు ఇన్ని దినాలు వాళ్ల కాళ్లు పట్టుకునింది?"

జవాబుకు ఆగకుండా లోపలికి పోయింది. అటక మీది సామాను దించడం మొదలుపెట్టింది.

"కూచుంటే ఎట్లా?" అంది లోపలి నుంచి. "పోయి బండి మాట్లాడు!"