బోర్డరు బయటి ఇల్లు

ఆ ఉదయం అనుకున్నది చిన్న పని. అమ్మకు మోకాళ్లు మొరాయిస్తున్నాయి కాబట్టి మెట్ల కింద ఖాళీలో ఆమెకొక స్నానాలగది కట్టాలి. ఇళ్లు కట్టడమే బతుకుతెరువైన ఇంట్లో అదొక పనే కాదు. పెద్దకొడుకు కాంట్రాక్టరు. ముందుగదే ఆఫీసు. అందులో ఒక మూల అతని తమ్ముడు కంప్యూటర్లో ప్లాన్లు గీస్తాడు. ఎదురు మూల కాంట్రాక్టరు భార్య ఆ ప్లాన్లకు ఎస్టిమేట్లు వేస్తుంది. తమ్ముడికి ముప్పై దాటి చాలాకాలమైంది. పెళ్లి కాలేదు కాబట్టి ఇంట్లో ఇంకా చిన్నోడే.

పెద్దోడు కాఫీ గ్లాసు కింద పెట్టి అన్నాడు.

"ఈ ఏడాది రెండు సాఫ్ట్‌వేర్లూ డబ్బు కట్టి నడపడం నావల్ల కాదు. ఒకటి తీసేద్దాం. ఏదో మీరే తేల్చుకోండి."

వదిన తల కూడా ఎత్తలేదు. "తేల్చేదేముంది. మరిదిగారిది బొమ్మలు గీస్తుంది. ఆ బొమ్మ మీద ఒక్క ఇటుక పడాలన్నా నా దగ్గరికే రావాలి."

"నీ దానికి తలుపులెన్నో తెలుసు వదినా. ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలీదు."

"ఎటు తెరుచుకున్నా తలుపు తలుపే కదయ్యా."

"అందుకే మన పైగదిలో తలుపు తీస్తే బీరువాకి కొట్టుకుంటోంది."

"ఆ గది గీసింది నువ్వే."

పెద్దోడు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. "సరే, అమ్మ బాత్రూమే పరీక్ష. నువ్వు గియ్యి. ఆవిడ మిషను అది చదివి సామాను తెప్పిస్తుంది. మధ్యలో మనిషన్నవాడు వేలు పెట్టకూడదు. తప్పు ఎవరి దాంట్లో వస్తే వాళ్లది పోతుంది."

చిన్నోడికి తన సాఫ్ట్‌వేర్ పోతే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు.

ప్లాను గీసేవాళ్లకు తెర మీద ఒక బోర్డరు ఉంటుంది. గీయవలసినది అందులో గీస్తారు. పనికిరాని ముక్కలు, చెరపడానికి మనసొప్పనివి, బోర్డరు బయట పడేస్తారు. కొత్త ప్లానును పాతదాని నకలు మీదే మొదలుపెడతారు కాబట్టి ఆ ముక్కలూ వెంట వస్తుంటాయి. చిన్నోడి బోర్డరు బయట అలా కొన్నేళ్లుగా ఒక ఇల్లు వెంట వస్తోంది. ఒక గది, చిన్న వంటిల్లు, స్నానాలగది, కిటికీ దగ్గర ఒక కుర్చీ. వీధితలుపు బయటికి తెరుచుకుంటుంది. వచ్చినవాళ్లు ఒక అడుగు వెనక్కి వేయక తప్పదు. ఆ ఒక్క అడుగులో సగంమంది మనసు మార్చుకుంటారని అతని ఆశ.

ఇంట్లో ఎవరూ అతనికి చెడు చేయలేదు. కష్టమంతా అక్కడే ఉంది. ప్రేమగా చూసుకునే మనుషుల దగ్గర ఒంటరిగా ఉండే చోటు అడిగితే అది వాళ్ల మీద ఫిర్యాదులా వినిపిస్తుంది. అందుకని అతను అడగలేదు, గీసుకున్నాడు.

ఆ రోజు అమ్మ స్నానాలగదిని నిష్ఠగా గీశాడు. బోర్డరు బయట ఏముందన్న ఆలోచనే రాలేదు. అక్కడ ఉన్నది లేనట్టే అని గీసేవాళ్ల నమ్మకం. ప్రింటరు ఎన్నడూ దాన్ని బయటపెట్టలేదు. కానీ ఎస్టిమేటు వేసే సాఫ్ట్‌వేర్‌కు బోర్డరంటే ఇంకో నాలుగు గీతలు, అంతే. ఇది కోరికా, నిర్ణయమా అని అది అడగదు. గీసి ఉంటే లెక్కపెడుతుంది. వదిన, ఒప్పుకున్న మాట ప్రకారం, వేలు పెట్టలేదు. కన్ను కూడా పెట్టకుండా ఆర్డరును దుకాణానికి పంపించి, ధీమాగా వెనక్కి వాలింది.

మర్నాడు లారీ వచ్చింది. టైల్స్ దిగాయి. కమోడ్ దిగింది. తర్వాత ఇంకో కమోడ్ దిగింది. వంటింటి సింకు దిగింది. వంటగట్టుకు రాయి, ఒక కిటికీ, తాళంతో సహా ఒక వీధితలుపు దిగాయి. ఆఖరున డ్రైవరు ఒక కుర్చీ తెచ్చి జాగ్రత్తగా గుమ్మం ముందు వేశాడు.

"కుర్చీలు మా షాపులో ఉండవండి. ఆర్డర్లో ఉందని పక్క షాపులో కొనుక్కొచ్చాం," అన్నాడు, మెచ్చుకుంటారేమోనని కాసేపు నిలబడి.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నారంటారు. ఇక్కడ ఆ ప్రశ్న ఎవరూ వేయకముందే అందరి చేతులూ భుజాల మీదికి వెళ్లాయి.

ముందు అమ్మ తేరుకుంది. "మెట్ల కింద నాకు వేరే పొయ్యి పెడుతున్నార్రా?"

"కాదమ్మా, షాపువాడు పొరపాటున..."

"సింకు నా కళ్లముందే దిగింది. తాళం కూడా తెప్పించారు. అది లోపల్నుంచి వెయ్యాలా, బయట్నుంచి వేస్తారా?"

వదిన మొగుడివైపు తిరిగింది. "మొన్న కూర మాడిందని ఇంత పని చేస్తారా? అత్తయ్యకి వేరే వంటిల్లు పెట్టించి నా పరువు తీస్తారా?"

పెద్దోడి భయం ఇంకొకటి. "ఈ ఇంట్లోంచి ఎవరు వెళ్లిపోతున్నారో చెప్పండి. ముందే చెప్తే సిమెంటు కూడా కలిపి తెప్పించేవాణ్ని కదా."

"నా మిషను అబద్ధం చెప్పదు," అంటూ వదిన కంప్యూటరు ముందు కూర్చుంది. ప్లాను తెరిచింది. స్నానాలగది సరిగ్గానే ఉంది. బోర్డరు దాటి పక్కకు జరిపింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇదేంటయ్యా?"

"ఏదీ?"

"ఈ ఇల్లు."

"ఇల్లు కాదు వదినా. చెత్త. పనికిరాక పక్కన పడేసిన గీతలు."

"చెత్తకి కిటికీ దగ్గర కుర్చీ వేశావు."

చెత్త అనే మాట మీద నిలబడితే తప్పు వదిన మిషనుదవుతుంది. అతని సాఫ్ట్‌వేర్ దక్కుతుంది. చిన్నోడికి అది తెలుసు. కానీ ఆ ఇంటిని మరోసారి చెత్త అనడానికి నోరు రాలేదు.

"అది నా ఇల్లు," అన్నాడు.

పెద్దోడు పిడుగు పడ్డవాడిలా చూశాడు. "ఎవరితో?"

"ఎవరితోనూ కాదు."

"ఎవరూ లేకపోతే ఇల్లెందుకురా?" ఊళ్లో సగం ఇళ్లు కట్టిన మనిషికి ఆ సంగతి నిజంగానే అర్థం కాలేదు. "ఇక్కడ నీకేం తక్కువైంది?"

"ఏమీ తక్కువ కాలేదన్నయ్యా. అందుకే చెప్పలేకపోయాను."

అమ్మ అప్పటికి కళ్లజోడు పెట్టుకుని తెర దగ్గరికి వచ్చింది. చాలాసేపు చూసింది.

"మెట్లున్నాయా?"

"లేవమ్మా."

"స్నానాలగది లోపలేనా?"

"లోపలే."

"తలుపేసుకుంటే మీరెవరూ కనిపించరా?"

చిన్నోడు సిగ్గుతో తల దించుకున్నాడు. "కనిపించరు."

"అయితే అది నాకు కట్టండి."

లారీ వచ్చినప్పుడు వాళ్లు నిర్ఘాంతపోయామనుకున్నారు. అది కాదని ఇప్పుడు తెలిసింది. పెద్దోడు గుమ్మంలో ఉన్న కుర్చీలో కూలబడ్డాడు. వదినే ముందు అడిగింది.

"ఇందాకే కదత్తయ్యా, వేరు పెడుతున్నామని అంతలా బాధపడ్డారు?"

"మీరు పెడితే బాధ. నేను వెళ్తే బాధెందుకు?" అంది అమ్మ. "కాపురానికొచ్చిన రోజు నుంచీ ఒక్క పూటైనా ఎవరూ లేని ఇంట్లో ఉండలేదు. అడిగితే మీరు నొచ్చుకుంటారని ఊరుకున్నాను. ఒరేయ్ పెద్దోడా, ఆ కుర్చీలోంచి లే. అది నాది."

పెరట్లో సెంట్రింగు చెక్కలు పడేసిన షెడ్డు తీసేసి అక్కడ కట్టారు. ఆ ఇంటికని దిగిన సామాను ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. మెట్ల కిందికని తెప్పించిన కమోడ్ ఒక్కటే మిగిలింది. పరీక్షలో అసలు అడిగింది దాన్నే. పెద్దోడు తీర్పు చెప్పలేకపోయాడు. రెండు సాఫ్ట్‌వేర్లూ నిజమే చెప్పాయి, అందులో ఒకదాన్ని ఎలా తీసేస్తాడు?

అమ్మ వెళ్లిన వారానికి ఒక సాయంత్రం ముందుగదిలో రెండు ఫోన్లు, ముగ్గురు మేస్త్రీలు, వదిన ఒకేసారి మాట్లాడుతున్నారు. చిన్నోడు లేచి పెరట్లోకి వెళ్లాడు. తలుపు తట్టాడు. తలుపు బయటికి తెరుచుకుంది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏరా, ఏమైనా పనుందా?"

"ఏం లేదమ్మా. ఊరికే, కాసేపు కూర్చుందామని."

అమ్మ వెనక్కి తిరిగి గదంతా ఒకసారి చూసింది. ఆమె మొహంలో నిజంగానే బాధ ఉంది.

"కుర్చీ ఒకటేరా," అని మెల్లగా తలుపేసుకుంది.

ఇల్లు ప్లాను ప్రకారమే వచ్చింది.